బుజ్జీ, జిరో వెళ్ళేముందు ఇది మొత్తం చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, అది జిరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి టికెట్లు కొనేసిందే, అరుణాచల్ అట, కొండల్లో టెంట్ వేసుకుని నాలుగు రోజులట, నలుగురూ ఆడపిల్లలేనట, నువ్వైనా కాస్త చెప్పవే అని ఒకటే గోల. చెప్తాలే అని పెట్టేసి బాల్కనీలో కూర్చున్నా. ముందు వచ్చింది మాత్రం గర్వమే తల్లీ. ఎవరికీ తెలియని బ్యాండ్ పాట వినడానికి దేశం ఆ చివరికి పోయే మనిషి మన ఇంట్లో నేనొక్కదాన్నే అనుకున్నా ఇన్నాళ్ళూ. భయం ఆ తర్వాత వచ్చింది. మీ అమ్మకి కొండ రోడ్డంటే భయం, జలగలంటే భయం, తాగి వచ్చేవాళ్ళంటే భయం. నా భయం వేరే, నీ చెవుల గురించి. ఫోన్లో చెప్తే సగంలోనే సరే పిన్నీ సరే పిన్నీ అనేస్తావు కాబట్టి రాస్తున్నా.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తా, ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. అరుణాచల్‌లోకి వెళ్ళడానికి బయటి రాష్ట్రాల వాళ్ళకి అనుమతి పత్రం, ఇన్నర్ లైన్ పర్మిట్ అంటారు, అది కావాలి, ఆన్‌లైన్‌లో వస్తుంది, రెండు మూడు ప్రింట్లు తీసి వేరేవేరే బ్యాగుల్లో పెట్టుకోండి. గువాహటి నుంచి రాత్రి బయల్దేరే డోన్యి పోలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి ఇటానగర్ పక్కనుండే నాహర్లగన్‌లో దింపుతుంది, నేను వెళ్ళినప్పుడు అది లేదు, రాత్రంతా బస్సే. 2022లో ఇటానగర్ దగ్గర హోలోంగిలో ఎయిర్‌పోర్ట్ కూడా వచ్చింది, డబ్బులుంటే అదీ ఒక దారి. అక్కణ్నుంచి జిరోకి సుమోలో సుమారు వంద కిలోమీటర్లే గానీ అయిదారు గంటలు పడుతుంది, పగలే ఎక్కండి, మధ్యాహ్నం దాటితే ఎక్కొద్దు. సెప్టెంబర్ నెలాఖరు కాబట్టి వాన తప్పదు, కొండ విరిగి రోడ్డు మూసుకుపోతే ఒక రోజు అక్కడే ఉండిపోవాల్సి రావచ్చు, తిరుగు టికెట్‌కి ఒక రోజు ఎక్కువ వేసుకో. షూస్ మీద డబ్బులు తగలెయ్యకు, జిరోలోనే హాపోలి బజార్లో గమ్‌బూట్లు దొరుకుతాయి, అవి కొనుక్కో, మోకాలి కింది దాకా బురదే. పొడి సాక్సులు రెండు జతలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగ్ అడుగున పెట్టు, తడిస్తే ప్రాణం లేచొచ్చేది వాటితోనే. క్యాష్ ఉంచుకో. కందిపొడి తీసుకెళ్ళు, అన్నం ఎలాగూ దొరుకుతుంది. వాళ్ళ బియ్యపు కల్లు ఉంటుంది, అపాంగ్ అంటారు, మజ్జిగలా దిగిపోతుంది, రెండో గ్లాసు తర్వాత లేచి నిలబడితే గానీ సంగతి తెలీదు, అందుకని ఒక్క గ్లాసుతో ఆపు. నలుగురూ తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి మొదటి రోజే అనుకోండి, ఫోన్ని నమ్ముకోవద్దు.

ఇంకొకటి. అక్కడి అపతానీ తెగ ముసలమ్మలకి ముఖం మీద పచ్చబొట్టు గీతలు, ముక్కుకి రెండు వైపులా నల్లటి బిళ్ళలు ఉంటాయి. ఆ ఆచారం ఆగిపోయి చాలా ఏళ్ళయింది, ఉన్నవాళ్ళే ఆఖరు. ఫోన్ తీసి మొహం మీద పెట్టకు, పక్కన కూర్చుని నవ్వి అడుగు, ఇష్టమైతే వాళ్ళే తల ఊపుతారు. పొలం గట్ల మీద అడ్డదిడ్డంగా నడవొద్దు, ఆ వరి మళ్ళల్లోనే నీళ్ళు నిలబెట్టి చేపలు పెంచుతారు, గట్ల మీదే చిరుధాన్యం వేస్తారు, మన తాతగారికి ఎకరం గట్టు మీద రెండు వరసల కందులు వేయడమే గొప్ప.

సరే, ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

చిన్నప్పుడు సెలవులకి మా ఇంటికొస్తే అడిగేదానివి గుర్తుందా, చలికాలంలో కూడా ఫ్యాన్ ఎందుకు పిన్నీ, దుప్పటి కప్పుకుని మరీ ఫ్యాన్ వేసుకుంటావు అని. గాలి ఆడకపోతే నిద్ర పట్టదే అని చెప్పా. అది అబద్ధం బుజ్జీ. ఫ్యాన్ చప్పుడు లేకపోతే నా ఎడమ చెవిలో మోత వినిపిస్తుంది. కీచురాయి లాంటి సన్నటి మోత, ఈఈ అని, ఆగదు. 2013 డిసెంబర్ నుంచి ఒక్క నిమిషం ఆగలేదు.

అప్పుడు బెంగళూరులో ఉద్యోగం. ఊరి బయట ఒక గ్రౌండ్‌లో షో, ఎవరు పెట్టారో ఎక్కడో చెప్పను, తప్పు వాళ్ళది కాదు నాది. నేనూ ఆఫీసు పిల్లలిద్దరూ సాయంత్రం నాలుక్కే వెళ్ళి ముందున్న బారికేడ్ పట్టుకున్నాం, సరిగ్గా ఎడమ పక్క స్పీకర్ల గుట్ట ఎదురుగా. ఆ చోటు వదిలితే మళ్ళీ దొరకదని నీళ్ళకి కూడా వెళ్ళలేదు. రాత్రి పది దాకా, ఆరు గంటలు. బేస్ గిటార్ మోగితే పొట్టలో తెలిసేది, డ్రమ్ కొట్టినప్పుడల్లా చొక్కా గుండీలు అదిరేవి, అదే కదా సుఖం అనుకున్నా, ఇప్పటికీ ఆ సుఖాన్ని తప్పు పట్టను. నా పక్కన ఒకబ్బాయి, ఇరవై రెండు ఉంటాయేమో, చెవుల్లో నారింజ రంగు స్పాంజి ముక్కలు పెట్టుకుని పాడుకుంటున్నాడు. రెండో బ్యాండ్ వచ్చే ముందు నావైపు చూసి జేబులోంచి ఒక జత తీసి చెయ్యి చాపాడు. కొత్తవే, కవర్ కూడా చింపలేదు. నేను నవ్వి వద్దన్నట్టు చెయ్యి ఊపా. పాట వినడానికి ఇంత దూరం వచ్చి చెవులు మూసుకోవడమేంటి అనుకున్నా. ఆ పిల్లాడు ఇంకోసారి చాపి, నేను తీసుకోకపోతే జేబులో పెట్టేసుకున్నాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది బుజ్జీ, అరచేతిలో నారింజ రంగు ముక్కలు రెండు.

తిరిగి వచ్చేటప్పుడు క్యాబ్‌లో అందరి మాటలూ కుండలోంచి వస్తున్నట్టున్నాయి. చెవి గుయ్యిమంటోంది. అలా అంతకుముందు కూడా అయ్యేది, పడుకుని లేస్తే పోయేది. అదే నన్ను ముంచింది. పోయేదే కదా అని వారం చూశా, క్వార్టర్ ఎండ్ పని ఉందని ఇంకో వారం, జలుబు వల్లేమో అని ఇంకో వారం. ఇరవై రోజులకి ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడి చెవి అయ్యాక ఎడమ చెవికి మొదలుపెట్టారు, నేను నొక్కడానికి వేలు పెట్టుకుని కూర్చున్నా, ఎంతసేపటికీ ఏమీ రాలేదు, మిషన్ ఆగిపోయిందేమోనని తలెత్తి చూస్తే అద్దం అవతల ఆ అమ్మాయి నావైపే చూస్తోంది. అంటే వస్తోంది, నాకే వినపడట్లేదు. తర్వాత గ్రాఫ్ చూపించారు, కుడి చెవి గీత తిన్నగా ఉంది, ఎడమది నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర, గుంటలోకి దిగిపోయింది. పెద్ద శబ్దం వల్ల పోయిన చెవికి గుంట ఆ చుట్టుపక్కలే పడుతుందట. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చుంటే మందులతో ప్రయత్నం చేసేవాళ్ళం అన్నారు డాక్టరుగారు. తిట్టలేదు, నెమ్మదిగానే అన్నారు. ఆటోలో ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చా.

చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఉంటాయి. గాలివానకి వరి పడుకుంటుంది చూడు, అలా పెద్ద శబ్దానికి అవి ఒరిగిపోతాయి. కాసేపైతే మళ్ళీ లేస్తాయి, షో నుంచి వచ్చిన రాత్రి చెవులు మూసుకుపోయినట్టుండి పొద్దున్నకి తేరుకునేది అందుకే. ఎక్కువసేపైతే విరిగిపోతాయి. వరైతే మళ్ళీ నాటుకోవచ్చు, మనిషి చెవిలో మాత్రం అవి మళ్ళీ మొలవవు.

నాకేం పోయిందో చెప్తా, వినికిడి పోయిందనుకోకు, మాట వినపడుతుంది. సన్నటివి పోయాయి. ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుంటే స కీ శ కీ తేడా తెలీదు. పెళ్ళిళ్ళలో అమ్మమ్మని ఎప్పుడూ నా కుడి పక్కనే కూర్చోబెట్టుకుంటా, నువ్వు గమనించావో లేదో. నువ్వు ఇంటర్‌లో గిటార్ తెచ్చి ట్యూన్ సరిగ్గా ఉందా పిన్నీ అని అడిగితే ఇటు పక్కకి రావే అన్నా. కచేరీలో అందరూ ఆగి తంబుర ఒక్కటే మోగే ఆ అరనిమిషం ఉంటుంది చూడు, దానికోసమే వెళ్ళేదాన్ని నేను, ఇప్పుడు అక్కడ తంబురతో పాటు ఈ కీచురాయి కూడా ఉంటుంది.

ఆ తర్వాత ఏడాదే జిరో వెళ్ళా, 2014 సెప్టెంబర్. వెళ్ళొద్దనుకుని మళ్ళీ వెళ్ళా. ఆ పండగని 2012లో జిరో మనిషి బాబీ హానో, ఢిల్లీ బ్యాండ్ మెన్‌హూపాజ్ గిటారిస్ట్ అనూప్ కుట్టి కలిసి మొదలుపెట్టారు, ఊళ్ళోవాళ్ళు వెదురుతో స్టేజీలు కడతారు, పగటి స్టేజీకి సూర్యుడి పేరు, రాత్రి స్టేజీకి చంద్రుడి పేరు, డాన్యీ, పీలో. ఆ ఏడాది అమెరికా రాక్ బ్యాండ్ సోనిక్ యూత్ నుంచి లీ రనాల్డో, స్టీవ్ షెల్లీ వచ్చారు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒకే కంప్యూటర్ చుట్టూ ఆరుగురం కూర్చుని విన్న బ్యాండ్ అది, 2011లో విడిపోయారు, ఇక జన్మలో చూడననుకున్నా. నాతో వచ్చినవాళ్ళు ముందుకి పరిగెత్తారు. నేను రెండు చెవుల్లో స్పాంజి పెట్టుకుని చాలా వెనక, వెదురు కంచె దగ్గర నిలబడ్డా. సన్నగా జల్లు. కాళ్ళు ముందుకే లాగాయి, నిజం చెప్తున్నా, రెండుసార్లు పది అడుగులేసి మళ్ళీ వెనక్కొచ్చా. ఏమేం వాయించారో వరసగా గుర్తులేదు గానీ గిటార్ తీగల్లో ఒక్కొక్కటీ విడిగా వినిపించింది, ముందు వరసల్లో ఎప్పుడూ అలా వినలేదు, అక్కడ అంతా కలిసి ఒక గోడలా మీద పడేది. దూరం వెళ్తే పాట పోతుందనుకున్నా, పోలేదు.

అందుకని ఇప్పుడు చెప్పేది చెప్పినట్టు చెయ్యి. శబ్దం జోరు 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, అక్కణ్నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైం సగానికి సగం, 100కి వచ్చేసరికి పదిహేను నిమిషాలు. రాక్ షోలో ముందు వరస 100 దాటడం మామూలే. ఇలాంటి చోట్ల సగటు 100 దాటకూడదని, జనానికి ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, ఎవరో ఉంచుతారులే అని వెళ్ళకు, నీవి నీ దగ్గరుండాలి. బయట గ్రౌండ్‌లో స్పీకర్‌కి నీ దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, కాబట్టి సౌండ్ మిక్స్ చేసే ఆయన కూర్చునే గుడారం ఉంటుంది చూడు, దాని దగ్గర నిలబడు, ఆయన తన చెవికి బాగున్నట్టే కదా సర్దేది, నీకూ అక్కడే బాగుంటుంది. బ్యాండ్‌కీ బ్యాండ్‌కీ మధ్య దూరంగా వెళ్ళి పదిహేను నిమిషాలు కూర్చో. దూది పెట్టుకుని పెట్టుకున్నాననుకోకు, దూది దేనికీ పనికిరాదు.

స్పాంజివి పెట్టుకోవడం కూడా ఒక పద్ధతి. వేళ్ళ మధ్య అగరొత్తి చుట్టినట్టు సన్నగా చుట్టు, కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి తల మీంచి తెచ్చి చెవి పైకి లాగి పట్టుకో, అప్పుడు లోపలికి దూర్చి ముప్పై లెక్కపెట్టేదాకా వేలుతో నొక్కి ఉంచు, అది ఉబ్బి నిండుతుంది. బయటికి సగం వేలాడుతుంటే అది పెట్టుకున్నట్టు కాదు. చేతులు కడుక్కుని పెట్టుకో, అక్కడంతా బురద.

ఒకవేళ చెవి మూసుకుపోయి పొద్దున్నకి కూడా తేరుకోలేదనుకో, దాచకు. గువాహటిలో దిగగానే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ట్రైన్ పోతే పోనీ, డబ్బులు నేను పంపిస్తా. ఆఫీస్ అనకు, సెలవు లేదనకు, అలాంటి మాటలు నేనే చెప్పుకున్నా అప్పుడు. అసలు నువ్వు మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కన నుంచున్న నాకు పాట వినిపించింది పోయిన సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినప్పుడు, అప్పుడే అందామని ఊరుకున్నా, నీ ఫ్రెండ్స్ ఉన్నారని. ఈ రోజు నుంచి ఆ సౌండ్ సగానికి తగ్గించు.

నీ లిస్టులో పెద్ద పేర్లే చూసుకున్నావని మీ అమ్మ పంపిన ఫోటోలో కనిపించింది. మధ్యాహ్నం స్టేజీ వదలకు బంగారం. ఈశాన్యం పిల్లలు ఎక్కడెక్కడి నుంచో సామాన్లు మోసుకొచ్చి ఎదురుగా ముప్పై మంది ఉన్నా ప్రాణం పెట్టి వాయిస్తారు, అయిపోయాక స్టేజీ పక్కనే ఉంటారు, వెళ్ళి ఆ పాట బాగుందని చెప్పు, టీషర్ట్ అమ్ముతుంటే కొను. సినిమా పాట కాని పాటకి మన దగ్గర బతుకు అంతే, చౌరస్తా లాంటి మన తెలుగు బ్యాండ్ పిల్లలకైనా థర్మల్ అండ్ ఎ క్వార్టర్ లాంటి 1996 నుంచి ఉన్న బెంగళూరు వాళ్ళకైనా ఎదురుగా వచ్చి నిలబడే మనుషులే ఆధారం.

మీ అమ్మతో నేను మాట్లాడతా, వెళ్ళనిస్తుంది. కొరియర్‌లో ఒక చిన్న డబ్బా పంపించా, నారింజ రంగువి పది జతలు ఉన్నాయి. నీకొకటి, ముగ్గురికీ తలా ఒకటి, మిగతావి జేబులో ఉంచుకో, పక్కన నిలబడ్డవాళ్ళకి ఇవ్వు, వద్దంటే రెండోసారి కూడా అడుగు. శుక్రవారానికి అందుతాయన్నాడు. అందగానే ఒక జత పెట్టుకుని చూసి ఫోన్ చెయ్యి, ఎడమది సరిగ్గా కూర్చుందో లేదో చెప్పు.

పిన్ని