షెర్లాక్ హోమ్స్ టోపీ కథల్లో ఉందా?

ముందూ వెనకా అంచులుండే, జింకల వేటకు పెట్టుకునే ఆ గళ్ల డీర్‌స్టాకర్ టోపీ పేరు కోనన్ డాయిల్ కథల్లో ఎక్కడా లేదు, టీషర్టుల దాకా వచ్చిన ఆ రూపం చిత్రకారుడు సిడ్నీ పాజెట్ ఇచ్చింది. 1891లో ఒక కథలో డాయిల్ తలకు పట్టినట్టుండే గుడ్డ టోపీ అని మాత్రమే రాస్తే, స్ట్రాండ్ పత్రికకు పాజెట్ దాన్ని ఇలా గీశాడు. పల్లెకు పోయే ప్రయాణం కదా, వేట టోపీ సరిగ్గా కుదిరింది.

హోమ్స్ ఎప్పుడూ అదే పెట్టుకుంటాడనుకోవడం పొరపాటు. పాలమూరులో మేకలు కాసేటప్పటి గొంగడి కప్పుకొని ఎవరూ పెళ్లికి పోరు, ఇదీ అంతే. నల్లగొండలో కాలేజీ నాటకానికి డ్రెస్ కుట్టిస్తుంటే లండన్ సీనుకు నల్ల కోటు, పొడవాటి టాప్ హ్యాట్ పెట్టండి, గళ్ల టోపీ రైలు సీనుకు ఉంచండి.