అద్దం కదలకపోతే మోటారే పోయిందనుకోవద్దు

పాఠకుల ప్రశ్నలు: కారు సంరక్షణ

ప్రశ్న: మాది 2008 మోడల్ కారు. ముందు ఎడమవైపు అద్దం నా దగ్గరున్న స్విచ్‌తో పైకీ రాదు, కిందికీ దిగదు. ఆ డోర్‌కున్న స్విచ్‌తో దిగుతుంది గానీ పైకి రాదు. డోర్ సగం తెరిచి పట్టుకుంటే మాత్రం ఒక్కోసారి పైకొస్తుంది. మోటారు మార్చాలంటున్నారు. మార్చమంటారా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు. కిందికి దిగుతోందంటే మోటారు తిరుగుతున్నట్టే. డోర్ కదిపితే తేడా వస్తోంది కాబట్టి, డోర్‌కూ బాడీకీ మధ్య నల్లటి రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది.

పాత కార్ల వైరింగ్ ఎలా ఉంటుందో తెలిస్తే ఏ వైరో కూడా చెప్పొచ్చు. మోటారుకు రెండే వైర్లు. స్విచ్ నొక్కనప్పుడు రెండూ ఎర్త్‌లోనే, అంటే బ్యాటరీ నెగటివ్‌కు కలిసే ఉంటాయి. నొక్కితే ఒకదానికి 12 వోల్టులు వస్తాయి, రెండోది ఎర్త్‌గా మిగులుతుంది. ఎడమ డోర్ స్విచ్‌కు ఈ ఎర్త్ నేరుగా అందదు, డ్రైవరు దగ్గరి మెయిన్ స్విచ్ గుండా వస్తుంది. అందుకే మధ్యలో ఒక్క వైరు తెగినా మెయిన్ స్విచ్‌తో రెండువైపులా పనిచేయదు, డోర్ స్విచ్‌తో ఒకవైపే పనిచేస్తుంది. అద్దం పైకి రావడం లేదంటే తెగింది పైకెత్తే వైరు కాదు, దింపే వైరు. పైకెత్తేటప్పుడు ఎర్త్‌గా ఉండాల్సింది అదే మరి. చాలామంది పొరపాటుపడేది ఇక్కడే. (అద్దాలను కంప్యూటర్ మాడ్యూల్ నడిపే కొత్త కార్లకు ఈ లెక్క కుదరదు.)

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. రబ్బరు గొట్టాన్ని బాడీ వైపు ఊడదీసి, ఒక్కో వైరునూ రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగిన చోట మాత్రం వైరు సాగుతుంది.

అలా దొరక్కపోతే డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు పలక) విప్పాలి. హ్యాండిల్ వెనకా ఆర్మ్‌రెస్ట్ కిందా స్క్రూలు తీశాక, చుట్టూ క్లిప్పులు ఊడతాయి. ఒకటి రెండు విరగడం మామూలే, నాలుగైదు కొత్తవి ముందే తెచ్చుకోండి. మోటారు సాకెట్ పీకి, ఆ సాకెట్ రెండు పిన్నుల మధ్య ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బు పెట్టండి. బ్యాటరీ తిరిగి కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఒకరు స్విచ్ నొక్కుతుంటే మరొకరు డోర్‌ను అటూ ఇటూ కదపాలి. బల్బు మిణుకుమిణుకుమంటే వైరే. రెండువైపులా నిండుగా వెలిగి, సాకెట్ పెట్టినా మోటారు తిరగకపోతే అప్పుడు మోటారును అనుమానించండి. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద తడితే కదిలిందా, లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టే.

మల్టీమీటర్ ఉందిగా, బల్బెందుకు అంటారేమో. ఒక్క రాగిపోగు అంటీఅంటనట్టు తగిలినా మీటరు 12 వోల్టులూ చూపిస్తుంది, ఎందుకంటే అది తీసుకునే కరెంటు లేనంత తక్కువ. మోటారుకు కొన్ని ఆంపియర్లు కావాలి, ఆ పోగు ఇవ్వలేదు. 21 వాట్ల బల్బు దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి గుట్టు బయటపడుతుంది.

తెగినచోట మెలిపెట్టి టేపు చుడితే మళ్లీ అక్కడే తెగుతుంది. టంకం వేసినా, వంగే చోట ఆ గట్టిముక్క పక్కనే విరుగుతుంది. వంగే భాగం మొత్తం తీసేసి, అంతే మందం ఉన్న కొత్త ఆటో వైరు వేసి, అతుకులు రెండూ గొట్టం బయట ఉండేలా చూడండి. పక్కనున్న వైరుదీ అదే వయసు, దాన్నీ మార్చేయడం మంచిది.

ప్రశ్న: ఎండాకాలంలో అద్దం నెమ్మదిగా ఎక్కుతూ సగంలో ఆగుతుంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ ఎక్కుతుంది. ఎందుకు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మోటారు మీద బరువు ఎక్కువై వేడెక్కుతోంది. లోపలున్న రక్షణ స్విచ్ కరెంటు ఆపి, చల్లబడ్డాక మళ్లీ ఇస్తోంది. అద్దం జారే రబ్బరు గాడి దుమ్ము పట్టి ఎండిపోతే ఇలాగే అవుతుంది. చదును పుల్లకు గుడ్డ చుట్టి, సబ్బునీళ్లతో గాడి తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు అక్కడ పూయొద్దు. రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము అంటుకుంటుంది. అప్పటికీ బరువుగా ఎక్కితే డోర్ ప్యాడ్ తీసి, రెగ్యులేటర్ (అద్దాన్ని ఎత్తి దింపే అమరిక) నుంచి అద్దాన్ని విడదీసి చేత్తో జరపండి. చేతికీ గట్టిగా తగిలితే తప్పు రబ్బరు గాడిలోనే ఉంది, తేలిగ్గా జారితే రెగ్యులేటర్‌దో మోటారుదో.

ప్రశ్న: టక్‌మని శబ్దమొచ్చి అద్దం డోర్‌లోకి పడిపోయింది. స్విచ్ నొక్కితే మోటారు శబ్దం వస్తోంది. ఇప్పుడేం మార్చాలి?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రెగ్యులేటర్ కేబుల్ తెగి ఉంటుంది, లేదా అద్దాన్ని పట్టే ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటుంది. ఇక స్విచ్ నొక్కకండి, తెగిన కేబుల్ డ్రమ్ముకు చుట్టుకుని బిగుసుకుంటుంది. అద్దాన్ని రెండు అరచేతులతో పైకి తెచ్చి, ఫ్రేము మీదుగా రెండువైపులా గట్టి టేపు అంటించండి. మోటారు తిరుగుతోంది కాబట్టి, దాన్ని రెగ్యులేటర్ నుంచి విప్పగలిగితే రెగ్యులేటర్ ఒక్కటే కొనండి. డోర్ లోపల చేయి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తప్పక తీయాలి.