కణ విభజన ఇష్టం, నీట్ వద్దు: ఏం చదివించాలి?

ప్రశ్న: మాది చిత్తూరు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. కణ విభజన పాఠమంటే ప్రాణం. నీట్ రాయను, క్యాన్సర్ మీద పనిచేస్తానంటోంది. దారి ఉందా?

జవాబు: ఉందండి. పరిశోధన సంగతి అటుంచితే, ఆ పాఠం మీదే నడిచే ఉద్యోగం ఒకటుంది: సైటోజెనెటిక్స్. రక్త క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్ల ఎముక మజ్జ కణాల్లో 46 క్రోమోజోములూ సరిగా ఉన్నాయో లేదో చూసి రిపోర్టు ఇవ్వడం.

విభజనలో ప్రతి క్రోమోజోముకూ రెండు ధ్రువాల నుంచీ కండె తంతువులు తగులుకోవాలి. చివరిది తగులుకునేదాకా కణం వాటిని విడిపోనివ్వదు. ఈ కాపలా సడలితే ఒక పిల్లకణానికి 47, ఇంకోదానికి 45 వెళ్లొచ్చు. రక్త క్యాన్సర్లలో ఒక క్రోమోజోము ముక్క ఇంకోదానికి అతుక్కునే మార్పిడి కూడా తరచూ కనిపిస్తుంది. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారైతే ఎక్కువగా క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. దానికి 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చింది కాబట్టి ఆ మార్పును పట్టుకోవడం చికిత్సకే కీలకం.

ల్యాబ్‌లో కండె తంతువులు ఏర్పడకుండా చేసే కోల్సెమిడ్ మందు వేసి కణాన్ని, క్రోమోజోములు స్పష్టంగా కనిపించే మెటాఫేజ్‌లో ఆపుతారు. 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉబ్బించి, మూడు పాళ్ల మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లంతో స్థిరపరచి, స్లైడ్ మీద చుక్క వేస్తారు. కోల్సెమిడ్ ఎక్కువసేపు ఉంటే క్రోమోజోములు పొట్టిగా ముడుచుకుపోయి, వాటిని గుర్తుపట్టే అడ్డ చారలు తెలియవు. ఉబ్బడం మితిమీరితే కణం పగిలి ఒక క్రోమోజోము జారిపోతుంది, లెక్క 45 వస్తుంది. అది జబ్బా, స్లైడ్ లోపమా? అందుకే మామూలుగా 20 కణాలు చూస్తారు. ఒకే క్రోమోజోము కనీసం 3 కణాల్లో లేకపోతేనే లోపమని రాస్తారు. ఇంత ఓపిక ఉందా అన్నది ముందు అమ్మాయినే అడగండి. మార్కుల కంటే నేను దీనికే విలువిస్తాను.

మీకు దగ్గర్లోనే, ఏర్పేడు దగ్గర కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ తిరుపతి ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కు ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. బైపీసీ వాళ్లు అర్హులే, కానీ 60 ప్రశ్నల్లో 15 గణితం. తప్పు జవాబుకు మార్కు కోత ఉంది. గణితం ఇప్పుడే మొదలుపెట్టించండి.

అది రాకపోతే బీఎస్సీ, తర్వాత పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌తో శ్రీ వేంకటేశ్వర వర్సిటీ (ఎస్వీయూ)లోనో పద్మావతి మహిళా వర్సిటీలోనో ఎమ్మెస్సీ. డిగ్రీ కాలేజీకి ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: ఉల్లి వేరు కొన నలిపి స్లైడ్ చేయడం విద్యార్థి చేతనే చేయిస్తారా, లేక సిద్ధం చేసిన స్లైడే చూపిస్తారా? చేయించే కాలేజీలోనే చేర్చండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు మాత్రం కారియోటైపింగ్ (కణంలోని క్రోమోజోములను వరుసగా పేర్చి చూసే పరీక్ష) జరిగే ల్యాబ్‌లోనే చేయించండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు అడిగేది ఆ అనుభవమే.