పాత బ్రూవరీ కింద గుహల్లోకి దిగాలనుకుంటే

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మూతపడిన ఒక బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) కింద గుహలున్నాయట, కంచెకి ఒకచోట సందు ఉంది, ఫ్రెండ్‌తో కలిసి ఈ వీకెండ్ దిగుదామనుకుంటున్నాను, ఏమేం తీసుకెళ్ళాలి అని అడిగారు కదా. ముందు ఒక్క మాట: ఆ సందులోంచి మాత్రం వెళ్ళకండి. గుహలు వద్దని కాదు, నాకు అవంటే ప్రాణం.

ఆ ఊళ్ళోనే ఒక పాత బ్రూవరీ కిందికి, ఓనర్ పర్మిషన్‌తో, గుహలు తిరగడం అలవాటున్న నలుగురితో కలిసి నేను దిగాను. మెట్లు దిగుతుండగానే చలి తగిలింది. అక్కడి గుహల్లో ఏడాదంతా ఇంచుమించు 13 డిగ్రీల సెల్సియస్సే ఉంటుంది. ఊరి కింద అంతా సున్నపురాయి, వాన నీళ్ళు దాన్ని వేల ఏళ్ళుగా కరిగిస్తూ సొరంగాలు చేశాయి. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళకి కావలసింది సరిగ్గా అదే, ఎందుకంటే లాగర్ బీరు చల్లటి చోట వారాలు, నెలల తరబడి నిలవుంటేనే తయారవుతుంది (జర్మన్‌లో లాగర్ అంటేనే నిల్వ చేసే చోటు). అలా వచ్చిన ఆడమ్ లెంప్ 1840 ప్రాంతంలో ఇక్కడ లాగర్ మొదలుపెట్టి, దాన్ని గుహలోనే దాచాడు. 13 డిగ్రీలు కూడా ఎక్కువే కాబట్టి చలికాలంలో మిసిసిపీ నది మీద గడ్డకట్టిన ఐసు కోసి, దిమ్మలుగా లోపలికి దించేవాళ్ళు.

ఇది తెలుసుకుని వెళ్తేనే లోపల ఏం చూస్తున్నామో అర్థమవుతుంది. నేల చదునుగా ఎందుకుంది, దాని మధ్యలో సన్నటి కాలువ ఎందుకుంది (కరిగిన ఐసు నీళ్ళు పోవడానికి), సహజమైన రాతి కప్పు కింద రాళ్ళు పేర్చి కమాను ఎందుకు కట్టారు, పైకి వెళ్ళే ఆ గొట్టం లాంటి బిలం దేనికి, ఇవన్నీ చూస్తూ నేను ఒకేచోట అరగంట నిలబడిపోయాను. పీపాలు మోసినవాళ్ళు నూనె దీపాల వెలుగులో ఇక్కడే రోజంతా పనిచేశారు కదా అనిపించింది. 1870ల చివర్లో, 80ల్లో ఐసు మిషన్లు వచ్చాక ఆ పని ఆగింది, ఆ తర్వాత మద్యనిషేధం వచ్చి బ్రూవరీలే ఆగిపోయాయి. లెంప్ వాళ్ళ కట్టడాల్ని 1922లో ఒక బూట్ల కంపెనీ కొనుక్కుంది. దగ్గర్లోని చెరోకీ గుహలో 1946లో పెకరీ అనే, అడవిపందిలాంటి మంచుయుగపు జంతువు ఎముకలు దొరికాయి. 1950లో టూరిస్టుల కోసం తెరిచిన ఆ గుహని 1961లో హైవే కోసం మూసేశారు, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక ఆ సందులోంచి ఎందుకు వెళ్ళొద్దన్నానంటే, నేను దిగిన గుహలోనే ఇలా జరిగింది. ఒక పల్లపు మూలలో పాత దూలాలు కుళ్ళిపోయి పడున్నాయి. నేను కిందికి వంగబోతుంటే మావాళ్ళ గ్యాస్ మీటరు మోగింది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే మోగేలా పెట్టారు. నాకు వాసన రాలేదు, తల తిరగలేదు, ఊపిరి కూడా మామూలుగానే ఉంది. మీటరు లేకపోతే హాయిగా అక్కడే కూర్చుని ఫోటోలు తీసుకునేదాన్ని. కుళ్ళే చెక్క ఆక్సిజన్ని తినేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ బరువుగా పల్లంలో చేరుతుంది. లైటర్ వెలిగించి చూస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా మంట మామూలుగానే వెలుగుతుంది. 2004లో అమెరికాలోనే సెయింట్ పాల్ అనే ఊళ్ళో ఒక గుహలోకి వెళ్ళిన ముగ్గురు టీనేజర్లు ఆ గ్యాస్ వల్లే చనిపోయారు.

మిగతావి తేలికే. హెల్మెట్, జారని బూట్లు, మనిషికి మూడు లైట్లు, ఫోన్ టార్చి లెక్కలోకి రాదు. గబ్బిలాలు కనిపిస్తే వెనక్కి రండి, వాటి ఎండిన రెట్ట దుమ్ము లేపితే అందులోని ఫంగస్ ఊపిరితిత్తులకి పట్టుకుంటుంది, అలాగే మన బట్టలకంటిన ఇంకో రకం ఫంగస్ వేరే గుహలోని గబ్బిలాల్ని చంపగలదు, అందుకే అవే బట్టలతో ఇంకో గుహకి వెళ్ళకూడదు. లోపలికి ఎన్నింటికి వెళ్తున్నారో, ఎన్నింటికి బయటికి వస్తారో పైన ఉండే మనిషికి చెప్పండి.

ఈ వీకెండ్ వదిలేసి, నేషనల్ స్పీలియలాజికల్ సొసైటీకి (గుహలు తిరిగేవాళ్ళ సంఘం) మీ దగ్గర్లో ఉన్న శాఖకి మెయిల్ రాయండి, ఆ శాఖని గ్రోటో అంటారు. కొత్తవాళ్ళని ముందు సులువైన గుహలకి తీసుకెళ్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను, ఆ నలుగురూ అక్కడ దొరికినవాళ్ళే.