సెకండ్‌హ్యాండ్ కారులో సిగరెట్ వాసన వదలాలంటే

మొదటిసారి కారు కొనేవాళ్లలో చాలామంది తీసుకునేది పాత కారే. అమ్మేవాళ్లు కడిగి, సెంటు కొట్టి చూపిస్తారు కాబట్టి ఆ పూట ఏమీ తెలియదు. తర్వాత ఓ రోజు ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే గుప్పుమంటుంది. అందుకే బేరానికి ముందే అద్దాలన్నీ మూసి, హీటర్ బాగా పెంచి 5 నిమిషాలు ఆగండి. దాగిన వాసన వేడికి బయటపడుతుంది.

ఈపాటికే కొనేసి ఉంటే, ముందు అద్దాన్ని లోపలివైపు తడిగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు టీ మరకలాంటి రంగు అంటితే అది తారు, నికోటిన్ పొర. అదే కారు లోపల అంతటా పట్టి ఉంటుంది. అది పోనంతవరకు ఎన్ని ఫ్రెష్‌నర్లు వేలాడదీసినా దండగే. సెంటూ పొగా కలిసి ఇంకా వెగటుగా ఉంటుంది.

యాష్‌ట్రే తీసి కడిగి, సీట్ల సందుల్లో బూడిద మిగలకుండా వాక్యూమ్ చేయండి. అద్దాలు, ప్లాస్టిక్ భాగాలను నీళ్లు, తెల్ల వెనిగర్ సమపాళ్లలో కలిపి తుడవండి. గుడ్డ మురికి పట్టగానే మార్చాలి, లేకపోతే తీసిన పొరనే మళ్లీ పూసినట్టవుతుంది. లెదర్‌కు వెనిగర్ వద్దు, లెదర్ క్లీనరే వాడండి. సీటు బెల్టులను పూర్తిగా బయటికి లాగి, క్లిప్పు పెట్టి సబ్బునీళ్లతో తుడిచి, ఆరాకే వదలాలి. ముఖానికి దగ్గరగా ఉండే వీటిని చాలామంది మరిచిపోతారు.

ఎక్కువ ఓపిక కావాల్సింది రూఫ్ లైనింగ్, అంటే కారు పైకప్పుకు లోపలివైపు ఉండే బట్ట దగ్గర. పొగ పైకే పోతుంది కనుక అన్నిటికన్నా ఎక్కువ పీల్చుకునేది అదే. కానీ ఆ బట్ట వెనక సన్నటి ఫోమ్, జిగురు ఉంటాయి. తడి లోపలికి దిగితే జిగురు ఊడి బట్ట వేలాడుతుంది. దాని మీద నేరుగా స్ప్రే కొట్టకండి. అప్‌హోల్‌స్టరీ క్లీనర్ (సీటు బట్టలు శుభ్రం చేసేది) నురగను మైక్రోఫైబర్ గుడ్డకు రాసి, అడుగు మేర చొప్పున, రుద్దకుండా అద్దుతూ పోండి. డ్రైవర్ తలపై భాగానికి రెండోసారి కూడా అవసరం పడొచ్చు.

కార్పెట్, బట్ట సీట్లు షాంపూ చేసి పూర్తిగా ఆరాక బేకింగ్ సోడా చల్లి, రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయండి. తడి మీద చల్లితే గడ్డకడుతుంది. సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి, అక్కడ నీళ్లు పోయకండి.

చివరగా కేబిన్ ఫిల్టర్, అంటే కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది, మార్చండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. వాసన పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ రకం తీసుకుని, దాని మీది బాణం గుర్తు పాతదాని దిశలోనే పెట్టండి.

ఓజోన్ వాయువుతో వాసన పోగొట్టే ఓజోన్ మెషీన్ వాడాలనుకుంటే ఇవన్నీ అయ్యాకే. అది నడిచేటప్పుడు కారులో మనుషులు, జంతువులు ఉండకూడదు. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని, ఎక్కువసేపు పెడితే రబ్బరు కూడా పాడవుతుంది. తర్వాత తలుపులన్నీ తీసి, ఆ ఘాటు పూర్తిగా పోయాకే ఎక్కండి.

ఇంత చేసినా ఏసీ వేసినప్పుడే వాసన వస్తే ఎవాపరేటర్ (ఏసీలో గాలిని చల్లబరిచే భాగం) శుభ్రం చేయించండి. ఎండలో పెట్టినప్పుడే వస్తే మళ్లీ రూఫ్ లైనింగ్ పట్టుకోండి.