పొద్దున పది నిమిషాల్లో తయారవ్వాలంటే: మీ ప్రశ్నలకి జవాబులు

ప్రశ్న: అక్కా, నేను టీచర్‌ని, నూజివీడు వైపు. బాక్సులు కట్టి పిల్లల్ని పంపి ఏడున్నర బస్సు అందుకోవాలి. వీడియోలు చూసి ఫౌండేషన్, కన్సీలర్, కాంపాక్ట్ అన్నీ కొన్నా, పదకొండింటికల్లా మొహం మీద చారలు తేలుతున్నాయి, కాటుక కిందకి దిగి రాత్రంతా నిద్రలేనట్టు ఉంటున్నా. తక్కువలో చక్కగా కనపడే దారి చెప్పండి.

జవాబు: ముందు ఆ ఫౌండేషన్ పెళ్ళిళ్ళకి దాచేయండమ్మా. మన ఎండకీ ఉక్కకీ క్రీమ్ మీద ఫౌండేషన్, దాని మీద పౌడర్, దాని మీద చెమట, ఇన్ని పొరలు పడితే చారలు రాక ఏమవుతుంది చెప్పండి. నేను అందరికీ చెప్పేది ఒకటే, మధ్యాహ్నం అద్దం ముందు నిలబడి సర్దుకోవాల్సి వచ్చేది ఏదైనా సరే పొద్దున వేసుకోకండి, అక్కడే సగం పని తగ్గిపోద్ది.

రోజూ తప్పకుండా కావాల్సింది సన్‌స్క్రీన్. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ సరిపోద్ది, చాలామంది శనగగింజంత రాసి పనిచేయట్లేదంటారు. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ అని ఉండే రక్షణ నంబర్ 30 అయితే ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్ని 97 శాతం దాకా ఆపుద్ది, 50 అయితే 98, కాబట్టి ఆ నంబర్ కోసం డబ్బులు తగలేయక్కర్లేదు, మందంగా రాయడం ముఖ్యం. పక్కన పీఏ అని ప్లస్ గుర్తులు ఉంటాయి చూడండి, అవి చర్మం లోపలిదాకా వెళ్ళే యూవీఏ కిరణాలకి సంబంధించినవి, ఎన్ని ప్లస్సులుంటే అంత మంచిది. తెల్లగా బూడిద పూసినట్టు అవుతుందంటే జెల్ రకం తీసుకోండి. మంగు ఉన్నవాళ్ళయితే రంగు కలిపిన టింటెడ్ రకం ఇంకా మేలు, అందులో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు నుంచి కూడా కాస్త కాపాడుద్ది, పైగా ఫౌండేషన్ లేని లోటూ తెలీదు. రెండు గంటలకోసారి రాయాలని డబ్బా మీద ఉంటుంది కానీ అది ఎండలో ఉండేవాళ్ళ సంగతి, మీరు సాయంత్రం బస్సెక్కే ముందు ఇంకోసారి రాసుకోండి చాలు.

కాటుక కింద రెప్పకి మానేసి పై రెప్ప వెంట్రుకల మొదట్లో సన్నగా గీయండి, కంటి కింద జిడ్డుకీ నీటికీ కరిగి దిగే గొడవే ఉండదు. సంతలో అమ్మే సుర్మా జోలికి మాత్రం పోవద్దు, చాలావాటిలో సీసం ఉంటుంది. లిప్‌స్టిక్ ఒక్కటే కొనుక్కోండి, మీ పెదాల రంగుకి ఒక మెట్టు ముదురుగా ఉండేది, మన చాయలకి ఇటుక రంగూ గోధుమ కలిసిన గులాబీ రంగూ బాగుంటాయి. వేలితో అద్దితే చెరిగినా తెలీదు, మిగిలింది బుగ్గలకి రాసేయండి. అంతే, పది నిమిషాలు కూడా పట్టదు.

ప్రశ్న: స్టిక్కర్ బొట్టు పెట్టేచోట దురద, ఇప్పుడు తెల్లగా మచ్చలా అవుతోంది. మెడికల్ షాపులో ట్యూబ్ ఇచ్చారు, వాడమంటారా? (కరీంనగర్)

జవాబు: వద్దు. స్టిక్కర్లు ఈరోజే ఆపండి. కొన్నిటి జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే కెమికల్ ఉంటుంది, అది చర్మానికి రంగిచ్చే కణాల్నే దెబ్బ తీస్తుంది. చర్మం డాక్టర్‌కి చూపించండి, అది ఏ మచ్చో వాళ్ళే తేల్చాలి. చీటీ లేకుండా ఇచ్చే ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ, నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఆపగానే మొహం ఎర్రగా మండుద్ది. తెల్లబడతారని ఇచ్చే క్రీములకీ ఇదే మాట. బొట్టు గురించి కూడా డాక్టర్‌నే అడగండి, అప్పటిదాకా నుదురు ఖాళీగా ఉన్నా ఏం కాదు, అత్తగారికి నా పేరు చెప్పండి.

ప్రశ్న: బ్యాంకులో చేస్తా, చీరలంటే ఇష్టం, కానీ కాటన్‌కి గంజి, ఇస్త్రీ ఎవరు పెడతారు మేడమ్? (హనుమకొండ)

జవాబు: గంజి మానేయండి, దాని వల్లే కదా చాకిరీ అంతా. గంజి అక్కర్లేని మెత్తటి మల్ కాటన్ తీసుకోండి, ఉతికాక గట్టిగా దులిపి నీడలో లాగి ఆరేస్తే చాలు, కొంచెం నలిగినా అదే దాని అందం. క్రేప్, జార్జెట్ అయితే ఇస్త్రీ ఊసే ఉండదు, కానీ మేలో కరెంటు పోతే తెలుస్తుంది వాటి సంగతి. మీటింగ్ రోజుకి పట్టూ నూలూ కలిపిన సీకో చీర ఒకటి ఉంచుకోండి, పోచంపల్లి ఇక్కత్‌లో దొరుకుతాయి మీకు దగ్గరే.

అసలు పొద్దున లేటయ్యేది చీర వల్ల కాదు, జాకెట్టు వల్ల. నలుపు, మెరూన్, ఆవాల రంగు, ఈ మూడు బాగా కుదిరినవి కుట్టించుకుంటే బీరువాలో సగం చీరలకి సరిపోతాయి. రాత్రే పమిట కుచ్చిళ్ళు మడిచి పిన్ను పెట్టి హ్యాంగర్‌కి వేసేయండి.

ప్రశ్న: నాకు 41. మూడు వారాలకోసారి జుట్టుకి రంగు వేసి విసిగిపోయా. (కాకినాడ)

జవాబు: జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుద్ది కాబట్టి ఏ రంగు వేసినా పాపిట్లో తెల్లగా తేలకుండా ఉండదు. తలంతా వేయడం మానేసి పాపిటా చెంపల దగ్గరా మాత్రమే వేసుకోండి, పాపిట ఒకే చోట కాకుండా మారుస్తుంటే ఇంకో వారం నెట్టుకురావచ్చు. గోరింటాకు వట్టిగా పెడితే ఎర్రగానే పండుద్ది, నల్లగా కావాలంటే తర్వాత నీలి ఆకు పొడి పెట్టాలి. ఒక్కసారికే నల్లగా అయ్యే 'మెహందీ' అని ప్యాకెట్ కనపడితే వెనక చదవండి, చాలావాటిలో పీపీడీ అనే రంగు కెమికల్ ఉంటుంది, అది పడనివాళ్ళకి మొహం వాచిపోద్ది. ఏ రంగైనా 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడాల్సిందే, ముందు పడిందని ఈసారి వదిలేయకండి. మొత్తం వదిలేసి తెల్లగానే ఉంచుకుంటారా, అదింకా సుఖం, కాకపోతే మధ్యలో రెండు రంగులుగా కనపడే నెలలు ఓర్చుకోవాలి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంటే ఆ నెలలు తగ్గుతాయి.

ప్రశ్న: మగవాళ్ళ ప్రశ్నలు తీసుకుంటారా? మా ఆవిడ సన్‌స్క్రీన్ నేను వాడొచ్చా? (గచ్చిబౌలి)

జవాబు: వాడొచ్చండి, ఎండకి ఆడామగా తేడా లేదు. మగవాళ్ళకని విడిగా అమ్మే వాటిలో ఎక్కువగా మారేది వాసనా, డబ్బా రంగూ. గడ్డం ఉంటే జెల్ రకం నయం, వెంట్రుకల్లో తెల్లగా ఇరుక్కోదు. మీరూ రెండు వేళ్ళంత రాస్తే ట్యూబ్ సగం రోజుల్లోనే అయిపోద్ది కాబట్టి తర్వాతది మీరే కొనండి.