మే నెల ఎండల్లో చల్లబడిన పాదాలు

పాప 2.2 కిలోలతో పుట్టింది, పుట్టిన బరువుకీ ఒంట్లో షుగర్‌కీ సంబంధం ఉంటుందా, పెద్దయ్యాక ఏమన్నా ఇబ్బందులొస్తాయా అని అడిగారు. సంబంధం ఉంది. మా పెద్దమ్మాయి నెలలు నిండాకే పుట్టింది, అయినా 2.1 కిలోలే. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మే నెల మూడో వారం. బయట అడుగు పెడితే చెప్పుల కింద తారు అంటుకుంటోంది. సాయంత్రం నాలుగింటికి ఆపరేషన్ చేసి పాపను తీశారు. గదిలో ఏసీ ఉంది. చూడటానికి వచ్చిన చుట్టాలంతా ఎండన పడి వచ్చినవాళ్ళే కదా, వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఇంకో రెండు పాయింట్లు తగ్గించి కూర్చున్నారు. నేను మత్తులో ఉన్నాను. రాత్రి ఎనిమిదింటికి మా అమ్మ "ఎంత బుద్ధిమంతురాలో చూడు, కిక్కురుమనకుండా పడుకుంది" అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను.

నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చింది. పాప మొహం చూడకుండా ముందు పొత్తిగుడ్డలోకి చెయ్యి పెట్టి పాదాలు పట్టుకుంది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసింది. మళ్ళీ పాదాలు. "పొట్ట వెచ్చగానే ఉంది, కాళ్ళు చల్లబడ్డాయమ్మా. పాలు ఎప్పుడు పట్టారు?" అని అడిగింది. సమాధానం చెప్పడానికి మా దగ్గర ఏముంది? నిద్రపోతోంది కదా అని ఎవరూ లేపలేదు. గుడ్డ విప్పితే చేతులు, గడ్డం సన్నగా వణుకుతున్నాయి. చలికేమో అంది అమ్మ. "పసిగుడ్డు చలికి వణకదు పెద్దమ్మా" అంటూనే ఆ అమ్మాయి మడమ పక్కన సూదితో గుచ్చి చుక్క రక్తం తీసింది. షుగర్ 31. పసిపిల్లలకు కనీసం 45 ఉండాలట.

ఏసీ కట్టేసింది. పాప బట్టలు విప్పి, టోపీ, మేజోళ్ళు మాత్రం ఉంచి నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పింది. డాక్టరు గారు వచ్చేలోపు ముర్రుపాలు పిండి నాలుగు చుక్కలు పాప నోట్లో పోసింది. తర్వాత లోపలికి తీసుకెళ్ళి ఒకటిన్నర రోజు గ్లూకోజు ఎక్కించారు. ఆ అమ్మాయి పాదాలు ముట్టుకుని చూడకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

మర్నాడు డాక్టరు గారు విడమర్చి చెప్పారు. కడుపులో ఉన్నంతకాలం తల్లి రక్తంలోని గ్లూకోజు మావి ద్వారా బిడ్డకు వస్తూనే ఉంటుంది. బొడ్డు కోయగానే ఆ సరఫరా ఆగిపోతుంది. పాలు కుదురుకునేదాకా కాలేయంలో దాచుకున్న నిల్వ, ఒంట్లో కొవ్వు, వీటితోనే నెట్టుకురావాలి. బరువు తక్కువ పిల్లలకు ఆ రెండూ తక్కువే. మెదడు మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దది, దానికి గ్లూకోజు పడుతూనే ఉండాలి. పైగా బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి వేడి తొందరగా పోతుంది. పోయిన వేడిని తెచ్చుకోవడానికి ఉన్న నిల్వలు కాస్తా కరిగించుకుంటారు. బయట 44 డిగ్రీలున్న ఊళ్ళో నా బిడ్డ చల్లబడి షుగర్ పడిపోయిందంటే కారణం ఆ ఏసీ, నాలుగు గంటలు పాలు పట్టకపోవడం. నన్నడిగితే ఇందులో అనుమానమే లేదు. బాలింత గదికి వచ్చేవాళ్ళు రిమోట్ ముట్టుకోకూడదు. అసలు మొదటి రెండు రోజులూ రాకపోతే ఇంకా మంచిది.

వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "ఎలకపిల్లలా ఉందేంటి, నువ్వు సరిగ్గా తినలేదా?" అని ఒకావిడ. షుగర్ తగ్గిందని తెలిసి తేనె నాకించబోయింది ఇంకొకావిడ. ఏడాది నిండేదాకా తేనె పెట్టకూడదు, ప్రమాదం. పంచదార నీళ్ళూ వద్దు. పొట్ట నిండి పాలు తాగడం మానేస్తారు.

ఇదంతా చిన్న పిల్లలకే అనుకోకండి. మా తోటికోడలి బాబు 4.2 కిలోలు. అందరూ బొద్దుగా ఉన్నాడని దిష్టి తీశారు. అక్కకి కడుపుతో ఉండగా షుగర్ ఉండేది. తల్లి నుంచి గ్లూకోజు ఎక్కువగా వస్తుంటే బిడ్డ ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుంటుంది. బొడ్డు కోశాక గ్లూకోజు ఆగుతుంది గానీ ఇన్సులిన్ వెంటనే తగ్గదు. వాడికి రెండో గంటలోనే 36కి పడిపోయింది. అక్కనెవరూ ఏం తిన్నావని అడగలేదు.

పెద్దయ్యాక సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం మన పిల్లల్నీ ఇంగ్లండులో సౌతాంప్టన్ పిల్లల్నీ పోల్చి చూసింది. పుట్టినప్పుడు సగటున మనవాళ్ళు 2.7 కిలోలు, వాళ్ళు 3.5. మనవాళ్ళకు కండ బాగా తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తక్కువ బరువుతో పుట్టి తర్వాత బాగా లావైనవాళ్ళకు పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువ. అందుకే డబ్బాల కొద్దీ పొడులు పట్టి బొద్దుగా చేయాలనే తొందర నాకు అస్సలు నచ్చదు. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. సన్నగానే ఉంటుంది, పరుగు పందెంలో ముందుంటుంది. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు "పిల్లకి తిండి పెట్టట్లేదా?" అంటూనే ఉంటారు.

మీ పాప ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే షుగర్ ఎన్నిసార్లు చూశారో, ఎంతొచ్చిందో అడిగి రాసుకోండి. నిద్రపోతున్నా రెండు గంటలకోసారి లేపి పాలు పట్టండి. రొమ్ము పట్టలేకపోతే మీ పాలు పిండుకుని ఉగ్గుగిన్నెతో పోయండి. రోజులో ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు గుండెల మీద పడుకోబెట్టుకోండి, మీరు అలిసిపోతే మీవారిని పడుకోబెట్టుకోమనండి. లేపినా లేవకపోయినా, వణికినా, పాలు తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకి చూపించండి.

మా రెండోవాడు 2.9 కిలోలతో పుట్టాడు. షుగర్ బాగానే ఉందన్నారు. అయినా ఆ మొదటి రాత్రంతా గంటకోసారి వాడి పాదాలు పట్టుకుని చూస్తూనే ఉన్నాను.